అచ్చు పత్రికల అంతర్జాతీయ వ్యాపారం: తరచుగా అడిగే ప్రశ్నలు

"పేపర్లు కూడా ఎగుమతి అవుతాయా?" దగ్గర మొదలై "ఈ రోజుల్లో ఎవరు కొంటున్నారండీ?" దాకా, ఈ విషయం మీద సందేహాలు ఏటా అవే వస్తుంటాయి. అడిగేది ఎక్కువగా ప్రాజెక్టు రాసుకునే కామర్స్, జర్నలిజం విద్యార్థులు, చిన్న పత్రికలు నడిపేవాళ్లు, విదేశాల్లో చందాదారులున్నవాళ్లు. అందుకే జవాబులన్నీ ఒకచోట పెట్టాను. ఏ ప్రశ్న నుంచైనా చదువుకోవచ్చు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. సరిహద్దు దాటే పత్రికలు తగ్గిపోయిన మాట నిజం. కానీ పత్రిక బదులు పేజీ ఫైలు, డిజిటల్ చందా, కాగితం రీలు, ఆఖరికి పాత పేపర్ల బేళ్లు సరిహద్దు దాటుతూనే ఉన్నాయి. కస్టమ్స్ లెక్కలో ఒక్క పద్దు చూసి తీర్పు ఇచ్చేయడం తొందరపాటు.

## లెక్కలు చూసేముందు

పత్రికల ఎగుమతి, దిగుమతి అంకెలు ఏ కోడ్ కింద వెతకాలి?

హెచ్‌ఎస్ కోడ్ 4902. హెచ్‌ఎస్ కోడ్ అంటే కస్టమ్స్ వాళ్లు ఒక్కో రకం సరుకుకు ఇచ్చే అంతర్జాతీయ వర్గీకరణ సంఖ్య. దినపత్రికలు, జర్నళ్లు, వార, మాసపత్రికలు అన్నీ ఇందులోకే వస్తాయి. బొమ్మలున్నా, ప్రకటనలున్నా తేడా లేదు. దీని కింద రెండు ఉపశీర్షికలు ఉంటాయి. వారానికి కనీసం నాలుగుసార్లు వెలువడేవి 4902.10, మిగతావి 4902.90. అంటే దినపత్రికలు ఒక వైపు, వారపత్రికలూ మాసపత్రికలూ ఇంకో వైపు. ఈ విభజనను తేలిగ్గా తీసుకోకండి, రెండింటి కథా వేరు. మన దేశపు అంకెలు వాణిజ్య శాఖ ఎగుమతి, దిగుమతి డేటాబ్యాంకులో, ప్రపంచ అంకెలు ఐక్యరాజ్యసమితి కామ్‌ట్రేడ్‌లో దొరుకుతాయి. పుస్తకాలు 4901, న్యూస్‌ప్రింట్ (దినపత్రికలు అచ్చు వేసే కాగితం) 4801, చిత్తు కాగితం 4707. వీటిని 4902తో కలిపేసి ప్రాజెక్టులు రాసేవాళ్లు చాలామంది ఉన్నారు. మీరు ఆ పని చేయకండి.

పాత సంచికలు బైండు చేసి పంపితే అది పత్రికా, పుస్తకమా?

పుస్తకం. గట్టి అట్ట వేసి బైండు చేసినా, ఒకటికంటే ఎక్కువ సంచికలు ఒకే అట్ట కింద పెట్టినా 4901లోకి వెళ్తుంది. లైబ్రరీలకు పాత సంపుటాలు తెప్పించేవాళ్లకు ఇది డబ్బుతో ముడిపడ్డ విషయం. దిగుమతి పుస్తకాల మీద మన దేశం 2019 జూలై బడ్జెట్‌లో 5 శాతం సుంకం పెట్టింది.

ఒక దేశం పంపానన్న లెక్కకీ, ఇంకో దేశం వచ్చిందన్న లెక్కకీ పొంతన ఉండదేం?

మొదటి కారణం విలువ కట్టే పద్ధతి. పంపేవాళ్లు సాధారణంగా ఓడ ఎక్కించేవరకు అయిన ధర రాస్తారు. దించుకునేవాళ్లు దానికి రవాణా, బీమా కలుపుతారు. పత్రికల విషయంలో ఇంకో చిక్కు కూడా ఉంది. ఇన్‌వాయిస్‌లో రాసేది అచ్చు ఖర్చా, కవర్ ధరా, ఏజెంటు కమిషన్ పోగా మిగిలేదా అన్నది పంపేవాణ్ణి బట్టి మారుతుంది. పోస్టులో ఒక్కొక్కటిగా వెళ్లే చందా ప్రతుల్లో చాలావరకు కస్టమ్స్ లెక్కకు అందవు. యూరోపియన్ యూనియన్ దేశాల మధ్య ఒక పరిమితికి లోబడి వ్యాపారం చేసేవాళ్లు వివరాలు ఇవ్వనక్కర్లేదు, అక్కడ అంచనాలే దిక్కు. అందుకే ఒక్క సంవత్సరం అంకె పట్టుకుని వాదించకుండా పదేళ్ల గీత ఎటు పోతోందో చూడండి.

## ఎవరు ఎవరికి పంపుతున్నారు?

ఎక్కువ ఎగుమతి చేసేది చైనాయేనా?

కాదు. చాలామంది అలాగే అనుకుంటారు. పిల్లల రంగుల పుస్తకాలు చైనాలో అచ్చయి ప్రపంచమంతా వెళ్తాయి, కానీ పత్రికలు అలా వెళ్లలేవు. ఓడలో వారాల తరబడి ప్రయాణం చేసిన వారపత్రికను ఎవరు కొంటారు? పేపరుకూ పాల ప్యాకెట్టుకూ ఆయుష్షు ఒకటే.

అందువల్ల ఈ వ్యాపారంలో పెద్ద చేతులన్నీ పొరుగున అదే భాష చదివే పాఠకులున్న దేశాలవి. జర్మనీ నుంచి ఆస్ట్రియాకు, స్విట్జర్లాండ్‌కు. ఫ్రాన్స్ నుంచి బెల్జియంకు, జెనీవా వైపున్న స్విస్ ప్రాంతాలకు. బ్రిటన్ నుంచి ఐర్లాండ్‌కు. అమెరికా నుంచి కెనడాకు. దారులన్నీ రాత్రికి రాత్రి లారీలో చేరిపోగలిగినంత దూరం. స్విట్జర్లాండ్, కెనడా లాంటివి తమ పరిమాణానికి మించి దిగుమతి చేసుకునే దేశాల్లో కనిపించడానికి కారణం ఇదే. ఎగుమతిని నిర్ణయించేది అచ్చు ఖర్చు కంటే ముందు భాష, ఆ తర్వాత దూరం.

ఎగుమతిదారుల జాబితాలో పోలండ్ పేరు పైవరసలో కనిపిస్తుంది. పోలిష్ పత్రికలు అంతమంది చదువుతారా?

అవి పోలిష్ పత్రికలు కావు. జర్మనీ, ఇతర పశ్చిమ యూరప్ ప్రచురణకర్తలు కూలీ, నిర్వహణ ఖర్చు తక్కువని తమ మ్యాగజైన్లను పోలండ్‌లోని ప్రెస్సుల్లో అచ్చు వేయించుకుంటారు. కట్టలు లారీల్లో తిరిగి వెళ్తాయి. కస్టమ్స్ లెక్కలో అది పోలండ్ ఎగుమతి. అంటే ఈ పద్దులో రెండు వేరు వేరు వ్యాపారాలు కలిసి ఉన్నాయి. ఒకటి పాఠకుడి కోసం పత్రిక అమ్మడం, రెండోది ప్రచురణకర్తకు అచ్చు పని చేసిపెట్టడం. ప్రాజెక్టు రాసేవాళ్లు ఈ తేడా ఒక్క పేరాలో చెబితే సగం గందరగోళం పోతుంది.

దినపత్రికలు దూరదేశాలకు విమానంలో వెళ్లేవా?

వెళ్లేవి. పెద్ద నగరాల హోటళ్లలో, విమానాశ్రయాల్లో ఒకటి రెండు రోజుల పాత లండన్, పారిస్ పేపర్లు మండే ధరలకు దొరికేవి. అయితే ప్రచురణకర్తలు ఈ బరువు మోయడం తొందరగానే మానేశారు. వాల్ స్ట్రీట్ జర్నల్ ఆసియా ప్రతిని 1976లో హాంకాంగ్ నుంచి మొదలుపెట్టింది. లండన్ ఫైనాన్షియల్ టైమ్స్ 1979లో ఫ్రాంక్‌ఫర్ట్‌లో అచ్చు మొదలుపెట్టింది. ఇంటర్నేషనల్ హెరాల్డ్ ట్రిబ్యూన్ 1980లో పేజీలను ఉపగ్రహం ద్వారా హాంకాంగ్‌కు పంపింది. పేపరు బదులు పేజీని పంపి, పాఠకుడి ఊళ్లోనే అచ్చు వేసే పద్ధతి ఇది.

మనకు కొత్తేమీ కాదు. తెలుగు దినపత్రికలు ఒక్కో జిల్లా కేంద్రానికి దగ్గరగా అచ్చు యూనిట్లు పెట్టుకుంటూ పోయిందీ, 1989లో ఈనాడు జిల్లా ఎడిషన్లు తెచ్చిందీ ఈ తర్కంతోనే. తెల్లారేసరికి గుమ్మం ముందు పడాలంటే అచ్చు దగ్గర్లో జరగాలి. తేడా ఒక్కటే. దేశం లోపల ఇలా చేస్తే ఎగుమతి లెక్కలకు ఏమీ కాదు, దేశాల మధ్య చేస్తే ఎగుమతి అంకె మాయమైపోతుంది. పాఠకుడు ఉన్నాడు, పత్రిక ఉంది, 4902లో మాత్రం ఏమీ లేదు.

అమ్ముడుపోని విదేశీ ప్రతులను వెనక్కి పంపుతారా?

దాదాపు పంపరు. వెనక్కి పంపే ఖర్చు పత్రిక విలువను మించిపోతుంది. అమెరికా పద్ధతిలో మ్యాగజైన్ అట్ట చింపి అది మాత్రమే రుజువుగా పంపేవారు, మిగతాది గుజ్జుకు పోయేది. ఇప్పుడు చాలాచోట్ల నాశనం చేశామని రాతపూర్వకంగా ఇస్తే చాలు. అందుకే దిగుమతైన ప్రతులన్నీ అమ్ముడైన ప్రతులని అనుకోకండి.

## తగ్గుదల గురించి

ఇదంతా కోవిడ్ వల్లేనా?

కాదు, కోవిడ్ కొసమెరుపు మాత్రమే. 2008 ఆర్థిక సంక్షోభంలో ప్రకటనలు పడిపోయాయి. ఆ వెంటే స్మార్ట్‌ఫోన్లు వచ్చాయి. విదేశాల్లో అమ్మే ప్రతి మీద ప్రచురణకర్తకు మిగిలేది మొదటినుంచీ తక్కువే. ప్రకటనదారు కూడా "ఆ పరదేశపు పాఠకుడు నా సరుకు కొనడు కదా" అనడం మొదలుపెట్టాక ఖర్చు తగ్గించుకోవాల్సి వచ్చినప్పుడల్లా మొదటి వేటు దూరదేశపు ప్రతుల మీదే పడింది. వాల్ స్ట్రీట్ జర్నల్ తన ఆసియా, యూరప్ అచ్చు ఎడిషన్లను 2017లో ఆపేసింది. అప్పటికి కోవిడ్ ఊసే లేదు.

అయితే 2020 దెబ్బ మామూలుది కాదు. విమానాలు ఆగాయి. హోటల్ లాబీల్లో, విమానాల్లో ఉచితంగా ఇచ్చే ప్రతుల ఆర్డర్లు రద్దయ్యాయి. కాగితం ద్వారా వైరస్ వస్తుందన్న భయంతో 2020 మార్చిలో జోర్డాన్, ఒమన్, యూఏఈ లాంటి దేశాలు పత్రికల అచ్చును లేదా పంపిణీని కొంతకాలం నిలిపేశాయి. మళ్లీ విమానాలు ఎగిరాయి గానీ సీటు జేబులో పేపరు పెట్టే అలవాటు చాలా సంస్థలు తిరిగి తెచ్చుకోలేదు. ఖర్చు మిగులుతుంటే ఎవరు తెచ్చుకుంటారు?

యూనివర్సిటీ లైబ్రరీలు తెప్పించే రీసెర్చ్ జర్నళ్ల సంగతేంటి?

మన దేశపు పత్రికల దిగుమతిలో ఒకప్పుడు ఇదే బరువైన ముక్క. ఉస్మానియా, ఆంధ్రా యూనివర్సిటీ లాంటి చోట్ల పీరియాడికల్స్ విభాగానికి ఏటా బడ్జెట్ ఉండేది. డాలరు పెరిగితే జర్నళ్ల జాబితా కుదించేవారు. తర్వాత లైబ్రరీలు కలిసి ఎలక్ట్రానిక్ చందాలు కట్టడం మొదలైంది. 2024 నవంబరులో కేంద్రం ఆమోదించిన వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ పథకం ఈ దారిలో పెద్ద అడుగు. మూడేళ్లకు 6,000 కోట్ల రూపాయలు, 30 మంది అంతర్జాతీయ ప్రచురణకర్తలు, దాదాపు 13,000 ఈ-జర్నళ్లు. డబ్బు దేశం దాటి వెళ్తూనే ఉంది, పైగా భారీగా వెళ్తోంది. కంటెయినర్‌లో దిగేది మాత్రం ఏమీ లేదు. సరుకుల లెక్క చూస్తే జర్నళ్ల దిగుమతి తగ్గిందంటారు, లైబ్రేరియన్‌ని అడిగితే నవ్వుతారు.

ఈ-పేపర్ చందా ఎగుమతి కింద లెక్కకొస్తుందా?

సరుకుగా రాదు, సేవగా వస్తుంది. సేవల లెక్కల్లో ఇది ఇతర డిజిటల్ రాబడితో కలిసిపోతుంది కాబట్టి పత్రికల వాటా విడదీయడం కష్టం. కెనడాలోని వాంకూవర్ నుంచి నడిచే ప్రెస్‌రీడర్ దీనికి మంచి ఉదాహరణ. 1999లో మొదలైనప్పుడు దాని ఆలోచన, విదేశీ పత్రికను పాఠకుడున్న చోటే కావలసినన్ని ప్రతులు అచ్చు వేసి ఇవ్వడం. తర్వాత అచ్చు వదిలేసి తెరకే పరిమితమైంది. పన్నులు కూడా ఆ మార్పును వెంబడించాయి. బ్రిటన్ అచ్చు పత్రికలకున్న సున్నా వ్యాట్‌ను 2020 మే 1 నుంచి ఈ-పత్రికలకూ వర్తింపజేసింది.

బ్రెగ్జిట్ (యూరోపియన్ యూనియన్ నుంచి బ్రిటన్ బయటికి రావడం) ప్రభావం పత్రికల మీద కూడా పడిందా?

పడింది. లండన్ పేపర్లకు ఐర్లాండ్ ఇంటి మార్కెట్ లాంటిది. 2021 జనవరి 1 నుంచి బ్రిటన్‌లో అచ్చయి ఐర్లాండ్ చేరే కట్టలకు కస్టమ్స్ డిక్లరేషన్ అవసరమైంది. సుంకం సున్నాయే, కానీ తెల్లవారుజామున చేరాల్సిన సరుకుకు కాగితాల పనే పెద్ద ఖర్చు.

## సుంకాలు, చట్టాలు

పత్రికల మీద దిగుమతి సుంకం వేస్తారా?

చాలా దేశాలు వేయవు. యునెస్కో ఆధ్వర్యంలో 1950లో కుదిరిన ఫ్లోరెన్స్ ఒప్పందంలో చేరిన దేశాలు పుస్తకాలు, పత్రికలపై కస్టమ్స్ సుంకం వేయకూడదు. అమెరికాలోనూ 4902 సరుకు సుంకం లేకుండానే దిగుతుంది.

2025లో అమెరికా అన్ని దేశాల మీదా సుంకాలు వేసినప్పుడు "మా పత్రికల మీద కూడా పడుతుందా?" అని చాలామంది టెన్షన్ పడ్డారు. ఆ సుంకాలకు ఆధారంగా తీసుకున్న అత్యవసర ఆర్థిక అధికారాల చట్టంలోనే ప్రచురణలు, సమాచార సామగ్రికి మినహాయింపు ఉంది. 1988లో చేర్చిన సవరణ అది. అందుకే పత్రికలను ఆ జాబితా నుంచి తప్పించారు.

కెనడా, అమెరికా మ్యాగజైన్ గొడవ పాఠాల్లో వస్తుంది. అసలు ఏం జరిగింది?

ఈ రంగంలో ఒక్క కేసే చదవాలంటే ఇదే చదవండి.

కెనడా ఇంగ్లిష్ పాఠకులకు పక్కింటి అమెరికా మ్యాగజైన్లు సులువుగా దొరుకుతాయి. కెనడా భయమల్లా ప్రకటనల గురించి. అమెరికా ప్రచురణకర్త తన దేశంలో ఖర్చు రాబట్టుకున్న అవే కథనాలకు కెనడా కంపెనీల ప్రకటనలు తగిలించి ప్రత్యేక సంచిక తెస్తే స్థానిక పత్రికలు ప్రకటనల ధరలో పోటీపడలేవు. వీటిని స్ప్లిట్-రన్ సంచికలంటారు. 1965 నుంచే కెనడా వాటి దిగుమతిని నిషేధించింది.

1993లో స్పోర్ట్స్ ఇలస్ట్రేటెడ్ ఒక ఉపాయం పన్నింది. సంచికను సరిహద్దు దాటించకుండా పేజీలను ఎలక్ట్రానిక్‌గా పంపి కెనడాలోనే అచ్చు వేయించింది. దిగుమతే లేనప్పుడు నిషేధం దేని మీద? కెనడా 1995లో జవాబిచ్చింది. అలాంటి సంచికల ప్రకటనల విలువ మీద 80 శాతం ఎక్సైజ్ పన్ను వేసింది. అమెరికా ప్రపంచ వాణిజ్య సంస్థకు వెళ్లింది. కెనడా వాదన ఏమిటంటే, ప్రకటనలు అమ్మడం సేవ, కాబట్టి సరుకుల నిబంధనలు మాకు వర్తించవు అని. 1997లో ఆ సంస్థలో అప్పీళ్లు వినే అప్పీలేట్ బాడీ దాన్ని ఒప్పుకోలేదు. మ్యాగజైన్ అనేది సరుకే, దేశీ సంచికలకు లేని పన్ను విదేశీ తరహా సంచికలకు వేయడం చెల్లదంది.

1999లో రాజీ కుదిరింది. అమెరికా ప్రచురణకర్తలు మొదట 12 శాతం, తర్వాత 15, చివరకు 18 శాతం దాకా కెనడా మార్కెట్‌కు ఉద్దేశించిన ప్రకటనలు పెట్టుకోవచ్చు. ఈ తగువులో నాకు ఆసక్తి కలిగించేది తీర్పు కంటే 1993 నాటి ఉపాయం. పత్రిక వ్యాపారం గోదాముల నుంచి తీగల్లోకి మారిపోతోందని కస్టమ్స్ అధికారులకు అంతర్జాలం జనంలోకి రాకముందే అర్థమైంది.

విదేశీ పత్రికను ఇండియాలో అచ్చు వేయొచ్చా?

వేయొచ్చు, అనుమతితో. 1955 కేబినెట్ తీర్మానం దాదాపు అర్ధశతాబ్దం ఈ తలుపు మూసి ఉంచింది. 2002లో వార్తా పత్రికల్లో 26 శాతం విదేశీ పెట్టుబడికి ఒప్పుకున్నారు. తర్వాత విదేశీ వార్తా మ్యాగజైన్ల భారతీయ ఎడిషన్లకు, విదేశీ పత్రికల యథాతథ ప్రతులకు దారి ఇచ్చారు. యథాతథ ప్రతి అంటే మూలపత్రిక పేజీలు ఉన్నవి ఉన్నట్టుగా అచ్చు వేయడం. దీనికి 100 శాతం విదేశీ పెట్టుబడి కుదురుతుంది. సైన్స్, సాంకేతిక, ప్రత్యేక విషయాల పత్రికలకూ అంతే. ఇప్పుడు అమల్లో ఉన్నది 2023 నాటి పత్రికల రిజిస్ట్రేషన్ చట్టం. 2024 మార్చి 1న 1867 నాటి పాత చట్టం స్థానంలోకి వచ్చింది. యథాతథ ప్రతికి కేంద్రం ముందస్తు అనుమతి తప్పనిసరి.

ఇందులో హైదరాబాద్‌కు ఒక పాత్ర ఉంది. 2004లో ఇంటర్నేషనల్ హెరాల్డ్ ట్రిబ్యూన్‌ను హైదరాబాద్‌లో అచ్చు వేయడం మొదలుపెట్టారు. అప్పటి నిబంధనల ప్రకారం అది కుదురుతుందా లేదా అని ఢిల్లీలో పెద్ద చర్చే నడిచింది.

కస్టమ్స్ వాళ్లు విదేశీ పత్రికను ఆపగలరా?

ఆపగలరు. 1962 కస్టమ్స్ చట్టంలో ఆ అధికారం ఉంది. ఎక్కువసార్లు చిక్కు వచ్చేది కశ్మీర్ మ్యాపు దగ్గర. 2011 మేలో ది ఎకానమిస్ట్ ప్రతులు సుమారు 28 వేలకు మ్యాపు మీద తెల్ల స్టిక్కర్లు అంటించాల్సి వచ్చింది, అదీ చేత్తో.

## న్యూస్‌ప్రింట్

రాజమండ్రిలో, కాగజ్‌నగర్‌లో పేపరు మిల్లులున్నాయి కదా, న్యూస్‌ప్రింట్ దిగుమతి ఎందుకు?

ఆ మిల్లుల ప్రధాన సరుకు రాసుకునే కాగితం, పుస్తకాల అచ్చు కాగితం లాంటివి. కోస్తా రైతులు వేసే సుబాబుల్, జామాయిల్ వాటికి వెళ్తాయి. న్యూస్‌ప్రింట్ వేరే రకం. పలచగా ఉండాలి, రోటరీ మెషీన్ వేగానికి తెగకూడదు, చౌకగా రావాలి. కెనడా, రష్యా, స్కాండినేవియాల శంఖాకార వృక్షాల పొడుగు నార దీనికి బాగా సరిపోతుంది. మన దేశంలో ఈ రకానికి మొదటి మిల్లు మధ్యప్రదేశ్‌లోని నేపానగర్‌లో 1950లలో వచ్చింది. ఇప్పటి దేశీ మిల్లులు ఎక్కువగా పాత కాగితాన్ని గుజ్జు చేసి న్యూస్‌ప్రింట్ తీస్తాయి. రంగుల పేజీలు మెరవాలన్నా, మెషీన్ వేగంగా తిరగాలన్నా పెద్ద పత్రికలు దిగుమతి రీళ్ల వైపే మొగ్గు చూపుతాయి.

న్యూస్‌ప్రింట్ మీద ప్రభుత్వం సుంకం వేస్తే పత్రికా స్వేచ్ఛ ప్రశ్న ఎందుకొస్తుంది?

కాగితం ఎవరి చేతిలో ఉంటే పేజీల సంఖ్య వాళ్ల చేతిలో ఉంటుంది కనుక. ఒకప్పుడు దిగుమతి కోటాల మీద నడిచేది. 1972-73 విధానం పత్రికలకు పది పేజీల పరిమితి పెట్టింది. బెన్నెట్ కోల్‌మన్ కేసులో సుప్రీంకోర్టు 1972లో దాన్ని కొట్టేసింది. 1981లో వేసిన సుంకం మీద ఇండియన్ ఎక్స్‌ప్రెస్ కోర్టుకు వెళ్తే, 1984 డిసెంబరులో అదే కోర్టు ఆ సుంకాన్ని మళ్లీ పరిశీలించమని ప్రభుత్వానికి చెప్పింది. పన్ను వేసే హక్కు ఉంది, కానీ అది పత్రిక గొంతు నొక్కే బరువు కాకూడదన్నది తీర్పు సారం.

ఈమధ్య సంగతి చెప్పాలంటే, 2019 జూలై బడ్జెట్‌లో 10 శాతం వేసి, ప్రచురణకర్తలు మొత్తుకున్నాక 2020 ఫిబ్రవరిలో 5 శాతానికి తగ్గించారు. పెద్ద గ్రూపులు నెట్టుకొస్తాయి. దెబ్బ తగిలేది జిల్లాస్థాయి చిన్న పేపర్లకు. దేశీ మిల్లులను కాపాడాలన్న వాదన ఉత్తదేమీ కాదు గానీ, దాని బిల్లు చిన్న పేపర్ల మీద పడటం నాకు సరైనదనిపించదు.

2022లో మన పేపర్లు ఎందుకు సన్నబడ్డాయి?

మూడు దెబ్బలు ఒకేసారి తగిలాయి. కోవిడ్ కాలంలో గిరాకీ లేక చాలా విదేశీ మిల్లులు న్యూస్‌ప్రింట్ మానేసి అట్టపెట్టెల కాగితానికి మళ్లాయి, ఆన్‌లైన్ షాపింగ్ పుణ్యమా అని దానికి గిరాకీ ఎక్కువ. కంటెయినర్ల కిరాయి చుక్కలనంటింది. ఆపైన ఉక్రెయిన్ యుద్ధంతో రష్యా సరఫరా చిక్కుల్లో పడింది.

డాలర్లు లేని దేశాల పరిస్థితి ఇంకా ఘోరం. 2022 మార్చిలో శ్రీలంకలో ది ఐలాండ్, దివయిన పత్రికలు కాగితం లేక శనివారం అచ్చు ఆపేశాయి. వెనెజువెలాలో అయితే విదేశీ మారకం మీద ఆంక్షలు, కాగితం దిగుమతి మీద ప్రభుత్వ పట్టు కలిసి ఎల్ నాసియొనాల్ దినపత్రిక అచ్చు ప్రతిని 2018 డిసెంబరులో మింగేశాయి. నిషేధం పెట్టకుండానే పత్రికను మూయించే మార్గం ఇది.

దేశీ మిల్లు కోసం సుంకం వేస్తే పని జరుగుతుందా?

అమెరికా అనుభవం చూడండి. వాషింగ్టన్ రాష్ట్రంలోని ఒక మిల్లు ఫిర్యాదుతో 2018లో కెనడా న్యూస్‌ప్రింట్ మీద తాత్కాలిక సుంకాలు వేశారు. ఊరి పేపర్లు పేజీలు తగ్గించాయి, ఉద్యోగాలు తీసేశాయి. అదే ఏడాది ఆగస్టు చివర్లో అక్కడి అంతర్జాతీయ వాణిజ్య కమిషన్ ఏకగ్రీవంగా ఆ సుంకాలను తోసిపుచ్చింది.

## పాత పేపర్లు

పండ్ల బుట్టలో, ప్యాకింగ్‌లో కొరియన్, అరబిక్ పేపర్లు వస్తున్నాయి. ఎక్కడివి?

విదేశాల్లో అమ్ముడుపోని ప్రతులు. మడత కూడా విప్పనివి బేళ్లుగా కట్టి టన్నుల లెక్కన అమ్ముతారు. శుభ్రంగా, ఒకే సైజులో ఉంటాయి కాబట్టి చుట్టడానికి గిరాకీ. మిగతావి మిల్లుల్లో గుజ్జయి మళ్లీ న్యూస్‌ప్రింట్ అవుతాయి. 2021లో దక్షిణ కొరియాలో దీని మీదే పెద్ద రచ్చ జరిగింది. సర్క్యులేషన్ పెంచి చూపడానికి అదనంగా అచ్చు వేసిన ప్రతులు ఆగ్నేయాసియాకు ప్యాకింగ్ కాగితంగా వెళ్తున్నాయని బయటపడింది.

చైనా చిత్తు కాగితం దిగుమతిని 2018 నుంచి బిగించి, 2021 నుంచి పూర్తిగా ఆపేసింది. ఆ సరుకు దారి మళ్లిన దేశాల్లో మనదీ ఒకటి. పత్రికగా సరిహద్దు దాటనిది చిత్తు కాగితంగా దాటుతోందన్నమాట. బజ్జీలు మాత్రం పేపర్లో కట్టించుకోకండి. అచ్చు సిరా తిండిలోకి దిగుతుందని ఆహార భద్రతా సంస్థ 2016 నుంచీ హెచ్చరిస్తోంది.

## మన పత్రికలు బయటికి

మలయాళం పేపర్లు గల్ఫ్‌లో అచ్చవుతాయి, తెలుగువి ఎందుకు అవవు?

మలయాళ మనోరమ దుబాయ్, బహ్రెయిన్‌లలో అచ్చవుతుంది. గల్ఫ్ మాధ్యమం అనే మలయాళ దినపత్రిక 1999లో బహ్రెయిన్‌లో మొదలైంది. మన పెద్ద పత్రికలు ఆ దారిలో అంతగా పోలేదు. కారణం నా అంచనాలో రెండు. కేరళ నుంచి కూలీలతో పాటు కిరాణా కొట్లు, హోటళ్లు, బంగారు షాపులు నడిపేవాళ్లు కూడా వెళ్లారు, అంటే పాఠకుడూ ప్రకటనదారూ అక్కడే దొరికారు. జగిత్యాల, నిజామాబాద్, కడప, కోనసీమల నుంచి వెళ్లిన మనవాళ్లలో ఎక్కువమంది ఊరికి దూరంగా లేబర్ క్యాంపుల్లో, ఇళ్లలో పనిచేసేవాళ్లు. పేపరు వాళ్ల దాకా చేర్చడం కష్టం, ప్రకటన ఇచ్చే తెలుగు వ్యాపారి తక్కువ. ఆలోచన వచ్చేసరికి చేతిలో ఫోన్ వచ్చేసింది.

మా మాసపత్రికకు అమెరికాలో కొంతమంది చందాదారులున్నారు. ఎలా పంపడం మేలు?

ఒక్కొక్క ప్రతినీ ఎయిర్‌మెయిల్‌లో పంపితే పోస్టేజీ చందాను మింగేస్తుంది. ఒకే చిరునామాకు అచ్చు సామగ్రిని సంచిలో వేసి పంపే ఎం-బ్యాగ్ పద్ధతి అంతర్జాతీయ తపాలాలో ఉంది. గరిష్ఠ బరువు 30 కిలోలు. అక్కడ ఒక నమ్మకమైన మనిషి ఆ సంచి విప్పి స్థానిక పోస్టులో పంచాలి, అసలు ఇబ్బంది అదే. అమెరికా తపాలా శాఖ తన వైపు నుంచి ఓడ మార్గపు అంతర్జాతీయ సేవను 2007లోనే ఆపేసింది, కాబట్టి అటు నుంచి ఏదైనా తిప్పి పంపాలంటే విమానం ధరే.

ఇంకో మాట. పత్రికకు సుంకం లేదు కదా అని ధీమాగా ఉండకండి. 2025 ఆగస్టులో అమెరికా చిన్న పార్సిళ్లకున్న సుంకం మినహాయింపు తీసేసినప్పుడు ఇండియా పోస్ట్ అక్కడికి చాలా రకాల తపాలా తాత్కాలికంగా నిలిపేసింది, అక్టోబరులో గానీ మళ్లీ తెరవలేదు. సరుకుకు మినహాయింపు ఉన్నా దాన్ని మోసే బండి ఆగితే ప్రతి గుమ్మం చేరదు.

చందాదారులు కొద్దిమందే అయితే నా సలహా ఇది: పీడీఎఫ్ వెంటనే పంపండి, అచ్చు ప్రతులు మూడు నెలలవి కలిపి ఒక కట్టగా పంపండి. ఆ కట్ట మీద డిక్లరేషన్‌లో "పుస్తకాలు" అని రాయకుండా "పత్రికలు, 4902.90" అని రాసి, విలువ దగ్గర చందాలో ఆ సంచికలకు వచ్చే వాటా వేయండి. విడివిడి సంచికలుగానే ఉంచండి, ఒకే అట్ట కింద కుట్టేయకండి.